నడిదిబ్బ హాజరు పట్టీ

గుడివాడ
సెప్టెంబరు 7, 2025

వెంకటపతి అన్నయ్యకు,

వందనాలు. నీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. ఒకసారి గాయత్రి వదిన ఎత్తి "స్నానానికి వెళ్లారమ్మా" అంది. నాలుగోసారి నువ్వే ఎత్తి "బళ్లో ఇన్‌స్పెక్షన్, మళ్లీ చేస్తా" అని పెట్టేశావు. ఆదివారం పూట ఇన్‌స్పెక్షన్ ఏంటి అన్నయ్యా? అబద్ధం ఆడటం నీకు ఎప్పుడూ చేతకాలేదు అనుకునేదాన్ని. అందుకే కాగితం తీశాను. ఇంట్లో ఎవరూ విప్పకుండా బడి అడ్రసుకి పంపుతున్నాను.

నాన్న పోయి పదిహేడు రోజులు. భూస్థాపన రోజు నువ్వు వచ్చి పెట్టె మోశావు, మట్టి వేశావు, నాకంటే ఎక్కువ ఏడ్చావు. సాయంత్రం భోజనానికి కూడా ఉండకుండా బందరు బస్సెక్కేశావు. ఎందుకు పారిపోయావో అప్పుడు అర్థం కాలేదు.

నాన్న సంగతి నీకు చెప్పాలా? రిటైరై ఇరవయ్యొక్క ఏళ్లయినా పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకోవాల్సిందే, జేబులో ఎర్ర పెన్ను ఉండాల్సిందే. చివరి వారం మా ఆస్పత్రిలోనే పెట్టుకున్నాను. మంచానికి తగిలించిన చార్టు తీసి, అందులో తప్పులకి ఎర్ర గీతలు పెట్టాడు. ఆ చార్టు రాసింది నేనే. "నర్సమ్మ గారికి చేతిరాత నేర్పిందెవరో" అన్నాడు ఆక్సిజన్ మాస్కు పక్కకి జరిపి. నవ్వాను, బయటికొచ్చి ఏడ్చాను.

మా వాళ్లల్లో పెద్దవాళ్లు పోతే జ్ఞాపకార్థ కూడికలో వాళ్ల జీవిత సాక్ష్యం చదువుతారు. మామూలుగా పిల్లలు రాస్తారు. మా నాన్న ఒకరి రాతని నమ్మే మనిషా? తనది తానే రాసి పెట్టుకున్నాడు, లాంగ్ నోట్‌బుక్కులో, కాగితానికి ఒకవైపే, తొమ్మిది పేజీలు. మొదటి పేజీలో షరతులు. చర్చిలో చదవకూడదట. నవంబరు 19న నడిదిబ్బలో, డెబ్బై ఏడు ఉప్పెనలో పోయినవాళ్ల పేర్లు చదివే సభలోనే చదవాలట. కూతురు ఎలీసబెతే, అంటే నేనే చదవాలట. ఒక్క వాక్యం వదలకూడదట. పోయే ముందురోజు నా చెయ్యి పట్టుకుని మాట తీసుకున్నాడు. అందులో ఏముందో చూడకుండానే మాటిచ్చాను.

ఇప్పుడు చూశాను. ఐదో పేజీలో నువ్వున్నావు. రెండు పేర్లతో ఉన్నావు.

ఆ పేజీ ఎవరికీ చూపించలేదు, మా ఆయనకి కూడా. నువ్వు వచ్చి చదువు, లేదంటే నేనే బందరు వస్తాను. నాకు చాలా భయంగా ఉంది అన్నయ్యా.

నీ చెల్లెలు,
ఎలీసబెతు


మచిలీపట్నం
సెప్టెంబరు 15, 2025

గౌరవనీయులైన ఎలీసబెతు గారికి,

నమస్కారములు. మీ ఉత్తరం అందినది.

శామ్యూల్ రాజ్ మాస్టారు గారు లేని లోటు తీర్చలేనిది. నావంటి ఎందరికో వారు విద్యాభిక్ష పెట్టారు. క్రమశిక్షణకు, సమయపాలనకు వారు మారుపేరు. నడిదిబ్బ వంటి మారుమూల మత్స్యకార గ్రామంలో పదకొండేళ్లు పనిచేయడం మాటలు కాదు. సభలో ఇటువంటి విషయాలు చదివితే నేటి తరానికి ఉపయోగకరంగా ఉంటుందని నా అభిప్రాయం.

షామియానా, కుర్చీలు, మైకు, భోజనాల ఏర్పాట్లు నేను చూసుకుంటాను. వాటి గురించి మీరు ఆలోచించవద్దు.

మీరు ప్రస్తావించిన ఐదో పేజీ విషయమై ఒక మాట. వృద్ధాప్యంలో జ్ఞాపకాలు తారుమారు కావడం సహజం. నర్సుగా ఇది మీకు నాకంటే బాగా తెలుసు. ఎప్పుడో నలభై ఎనిమిదేళ్లనాటి సంగతులు, పైగా ఉప్పెన నాటివి, ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉండవచ్చు. ఆ పేజీ విడిచిపెట్టడమే వారి గౌరవానికి మంచిది.

వచ్చే మే 31న నా పదవీ విరమణ. పింఛను కాగితాల పని మొదలైనది. తీరిక తక్కువగా ఉన్నందున రాలేకపోతున్నాను.

ఇట్లు,
వెంకటపతి, ప్రధానోపాధ్యాయుడు


గుడివాడ
సెప్టెంబరు 20, 2025

అన్నయ్యా,

గారా? నేను గారునా? మీరునా?

హాస్టలు సెలవలన్నీ మా ఇంట్లోనే గడిపావు. నా జడలు వేశావు. పలక మీద ఉమ్మేసి తుడిచానని చేతి మీద ఒక్కటేశావు. పదహారో ఎక్కం రాకపోతే అన్నం పెట్టొద్దని అమ్మతో చెప్పావు. అప్పుడు లేని గారు ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది? ఉత్తరం కింద రబ్బరు స్టాంపు కూడా కొట్టావు చూడు, దానికి నాకు ఒళ్లు మండిపోయింది.

నాన్నకి మతి తప్పిందన్నావు. చావుకి ముందు పూట 1968 బ్యాచి మొత్తం ఇంటిపేర్లతో సహా చెప్పిన మనిషికి. సరే. ఐదో పేజీ నా చేత్తో ఎక్కించి పంపుతున్నాను. ఏ ముక్క మతిమరుపో ఎర్ర పెన్నుతో దిద్ది పంపు.

"ఆ శనివారం మధ్యాహ్నం బడి వదిలి ఎప్పటిలాగే గుడివాడ బస్సెక్కాను. నా భార్యా బిడ్డా అక్కడ ఉండేవారు. ఆ రాత్రి ఉప్పెన వచ్చింది. తిరిగి నడిదిబ్బ చేరడానికి నాకు ఆరు రోజులు పట్టింది. ఊళ్లో సగం మంది లేరు. బడి లేదు.

"మూడు వారాలకి తాటాకు పాక వేసి బడి తెరిచాను. రిజిస్టర్లన్నీ నీళ్లపాలయ్యాయి, కొత్తవి రాయమని పైనుంచి ఉత్తర్వు. పాత హాజరు పట్టీ నాకు వరసగా కంఠతా వచ్చు. ఆ వరసలోనే పేర్లు పిలిచాను. లేని పిల్లల తరఫున వాళ్ల వాళ్లు వచ్చి నిలబడ్డారు. 'పోయాడు అనకండి, రాలేదండీ అనండి చాలు' అని ముందే చెప్పాను. ఆ మాట అన్నిసార్లు వినే ధైర్యం నాకు లేకపోయింది.

"ఏడో తరగతిలో నాలుగో పేరు వెంకటపతి. తరగతిలో మొదటివాడు. వాడూ వాడి తండ్రీ పోయారని నాకు తెలుసు. వాడి తల్లి, తాతమ్మ ఆమె పేరు, కాలు విరిగి ఆస్పత్రిలో ఉంది. రాలేదండీ అనడానికి కూడా ఆ ఇంటి నుంచి మనిషి లేడు. పేరు పిలిచి ఆగిపోయాను. వెనక రాట దగ్గర నుంచి 'ప్రెజెంట్ సార్' అని వినిపించింది.

"ఆ అన్నవాడు బంగార్రాజు, వెంకటపతి బాబాయి కొడుకు. వాడి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. ఐదో తరగతి దాకా ఆ పిల్లలిద్దరిదీ ఒకే బెంచీ. ఒకడు బడి ఎగ్గొడితే రెండోవాడు హాజరు పలికేవాడు. దానికి ఇద్దరిచేతా ఎన్నిసార్లు గోడకుర్చీ వేయించానో. తర్వాత బంగార్రాజు బడి మానేసి వలల్లోకి పోయాడు. ఆ రోజు వాడి ఒంటి మీద ఎవరో దానమిచ్చిన మోకాళ్ల దాకా వచ్చే చొక్కా ఉంది. టిక్కు పెట్టాను.

"అది జాలితో పెట్టిన టిక్కు. తర్వాతది జాలి కాదు. తండ్రిని పోగొట్టుకున్న పిల్లలకోసం బందరు హాస్టలు వాళ్లు వచ్చారు. ఆరు దాటి చదివినవాళ్లనే తీసుకుంటామన్నారు. బంగార్రాజు ఐదుతో ఆపేశాడు. నేను కొత్త రిజిస్టరులో వెంకటపతి బతికి ఉన్నాడని రాశాను. ఇద్దరిలో ఒకడే ఉన్నాడు కనుక, పోయినవాళ్ల పట్టీలో బంగార్రాజు అని రాశాను. తాతమ్మ ఆస్పత్రి నుంచి రాగానే కొడుకుని హాస్టలుకి పంపే సమ్మతి కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాను. చదివి వినిపించలేదు. బియ్యం కాగితం అని చెప్పాను. తర్వాత ఆ పట్టీనే రాయి మీద చెక్కారు.

"ఒక పిల్లవాణ్ణి నిలబెట్టానని చాలా ఏళ్లు గర్వపడ్డాను. ఏటా నవంబరు 19న పేర్లు చదువుతుంటే తాతమ్మ ముందు వరసలో కూర్చుంటుంది. ఆమె కొడుకు పేరు రాదు. అందరూ లేచాక కూడా కాసేపు అలాగే కూర్చుని ఉంటుంది. అది చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఆ పేరు ఆ సభలో చదవాలి."

ఇదీ ఐదో పేజీ. చదువుతుంటే నాకు నాన్న మీద కోపం వచ్చింది, నీ మీద కోపం వచ్చింది, మళ్లీ ఆ చొక్కా గుర్తొచ్చి ఏం చేయాలో తెలియలేదు. మా ఇంట్లో ఇన్నేళ్లు అన్నం తిన్నావు, ఒక్కసారి కూడా నాకు చెప్పాలనిపించలేదా?

ఎలీసబెతు


మచిలీపట్నం
అక్టోబరు 1, 2025

ఎలీసా,

గారు అని రాసినందుకు చెంపలేసుకుంటున్నాను. ఆ ఉత్తరం రాసింది హెడ్మాస్టరు, నేను కాదు. పిల్లలు ఇళ్లకి వెళ్లిపోయారు, ఆఫీసు గది తలుపేసుకుని ఇది రాస్తున్నాను.

మాస్టారు రాసిందాంట్లో దిద్దడానికేమీ లేదు. ఒక్కటి మాత్రం ఆయనకి తెలియదు. నేను కావాలని అనలేదు ఎలీసా. మా వాడి పేరు పిలిచి మాస్టారు ఆగిపోయారు. ఆ ఆగడం నేను తట్టుకోలేకపోయాను. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. మాస్టారు తలెత్తి చూస్తే, ఇప్పుడు గోడకుర్చీ వేయిస్తారు, వేయిస్తే బాగుండు అనుకున్నాను. ఆయన టిక్కు పెట్టారు. అంతే, నా జీవితం ఆ టిక్కు కిందకి వెళ్లిపోయింది.

హాస్టల్లో మొదటి నెలంతా వెంకటపతీ అని పిలిస్తే వెనక్కి తిరిగి చూసేవాణ్ణి, వాడొచ్చాడేమోనని. తర్వాత అలవాటైంది. వాడి పేరుతో టెన్త్, వాడి పేరుతో ట్రైనింగు, వాడి పేరుతో ఉద్యోగం. పెళ్లి శుభలేఖ మీద వాడి పేరే. మా అమ్మాయి ప్రియాంక టెన్త్ సర్టిఫికెట్టులో తండ్రి పేరు వాడిదే. వాడు పుట్టిన తేదీతోనే నా సర్వీసు లెక్క. నిజానికి నేను వాడికంటే ఏడాది పెద్ద. నా అసలు వయసుకి మొన్న మే నెలలోనే ఇంటికెళ్లాల్సినవాణ్ణి.

నడిదిబ్బలో మాత్రం నన్నెవరూ వెంకటపతి అనరు. "బంగారూ, ఎప్పుడొచ్చావ్?" అంటారు. రాయి మీద ఇరవై ఏడో పేరు నాది. అదేదో ఆఫీసు వాళ్ల పొరపాటనుకుంటారు. "బతికున్నోణ్ణి చంపేశారు, చచ్చినోణ్ణి వదిలేశారు" అని నవ్వుకుంటారు. నేనూ నవ్వుతాను. పెద్దమ్మ ఒక్కతే నవ్వదు. పెద్దమ్మ అంటే తాతమ్మ. మందులు నెలనెలా బస్సులో పంపిస్తాను. ఇంటికి వెళ్తే పది నిమిషాలు కూర్చోలేను. ఆవిడ ముఖం చూడలేను.

ఇప్పుడు అసలు మాట. జూన్ దాకా ఆగు. నిన్ను కాళ్లు పట్టుకుని అడుగుతున్నాననుకో. జూన్ తర్వాత నువ్వు చదువు, నేనే మైకు పట్టుకుంటాను. ఈలోగా బయటపడితే ఎంక్వయిరీ, సస్పెన్షను, పోలీసులు. గాయత్రికి తెలియదు, తనని ఎప్పుడూ నడిదిబ్బ తీసుకెళ్లలేదు. మా అల్లుడికి తెలియదు. ముప్పై ఎనిమిదేళ్లు పిల్లలకి అబద్ధం ఆడకూడదని చెప్పినవాణ్ణి, ఏ ముఖం పెట్టుకుని గేటు దాటాలి?

నా సంగతి వదిలెయ్. మీ నాన్న సంగతి ఆలోచించావా? ఆయన్ని తలుచుకునే సభలోనే ఆయన దొంగ రిజిస్టరు రాశాడని నువ్వే చెబుతావు. ఎవడో ఫోన్లో వీడియో తీస్తాడు. మర్నాటికి జిల్లా అంతా తిరుగుతుంది. ఆయన దిద్దిన వేలమందిని ఎవరూ గుర్తుపెట్టుకోరు, ఈ ఒక్క పేజీనే గుర్తుపెట్టుకుంటారు. కూతురు చేయాల్సిన పనేనా అది?

నువ్వు నవంబరులో ఆ పేజీ చదివితే నీకూ నాకూ ఇక మాటల్లేవు. నిన్ను బెదిరిస్తున్నాననుకుంటే అనుకో. బెదిరిస్తున్నాను.

వెంకటపతి


గుడివాడ
అక్టోబరు 9, 2025

అన్నయ్యా,

నీ బెదిరింపు అందింది. మూడు రోజులు డ్యూటీలో మందులు తప్పుగా ఇవ్వకుండా ఉండటానికే నా శక్తంతా సరిపోయింది.

నువ్వన్నది నిజమే. నాన్న పేరు పోతుంది. ఆ సంగతి ఆయనకి తెలియదా? తెలిసే రాశాడు. జూన్ దాకా ఆగమంటున్నావు. నవంబరు 19 జూన్‌లో రాదు. తాతమ్మకి ఎనభై దాటాయి, పోయిన వేసవిలో రెండుసార్లు పడిపోయిందని నువ్వే చెప్పావు. వచ్చే నవంబరుకి ఆవిడ ముందు వరసలో ఉంటుందని నువ్వు రాసివ్వగలవా? ఇవ్వగలిగితే ఆగుతాను.

మా ఆయన విజయ్ కుమార్‌కి చెప్పేశాను, దాచుకోలేకపోయాను. "ఆ పేజీ చింపేసి పొయ్యిలో పడేయ్, చనిపోయినాయన చూడొస్తాడా" అన్నారు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నిజం చెప్పనా, ఒకసారి పొయ్యి దాకా తీసుకెళ్లాను కూడా.

నాన్నకి మాటిచ్చాను. నువ్వు నా అన్నయ్యవి. నన్నెవరి పక్షం ఉండమంటావు?

ఎలీసబెతు


మచిలీపట్నం
అక్టోబరు 30, 2025

ఎలీసా,

మాటల్లేవన్నాను. ఇది ఆ విషయం కాదు.

మొన్నటి తుపానుకి నడిదిబ్బ వాళ్లని షెల్టరుకి తరలించారట. పెద్దమ్మ సంగతి తెలియడంలేదు. పక్కింటి వాళ్ల ఫోను పలకడంలేదు. మా బడిని గిలకలదిండి వాళ్లకోసం పునరావాస కేంద్రం చేశారు, నాలుగు వందలమంది ఉన్నారు, నేను కదలడానికి లేదు. నీకు ఫోన్ చేద్దామని తీశాను. నీ గొంతు వింటే ఏం మాట్లాడతానో తెలియక పెట్టేశాను.

ఒకసారి వెళ్లి చూసొస్తావా? బీపీ మందులు ఉన్నాయో లేదో కనుక్కో. మా బళ్లో పనిచేసే కోటిలింగం గుడివాడ వస్తున్నాడు, అతని చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

వెం.


గుడివాడ
నవంబరు 6, 2025

అన్నయ్యా,

ముందు నువ్వు అడిగినదానికి జవాబు. తాతమ్మ బాగానే ఉంది. ఇంటి పైకప్పు రేకు ఒకటి ఎగిరిపోయింది, వేయించాను. మందులు అయిపోయాయి, రెండు నెలలవి ఇచ్చొచ్చాను. బీపీ నూట అరవై. ఉప్పు తగ్గించమంటే "సముద్రం పక్కన కూకోబెట్టి ఉప్పు తినొద్దంటావేంటమ్మా" అంది.

నన్ను చూసి ఎవరమ్మా నువ్వు అని అడిగి, చెప్పగానే గుర్తుపట్టింది. నాన్న పోయిన సంగతి చెప్పాను. తర్వాత తానే అడిగింది. "మీ నాయిన పోతా పోతా ఏమన్నా సెప్పాడా?"

నేను నర్సుని అన్నయ్యా, చావు కబుర్లు చెప్పడంలో ముప్పై ఏళ్ల అనుభవం. ఆవిడ ముందు మాత్రం ఊరికే తల ఊపాను. ఆవిడ నవ్వింది. ఆవిడ అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను, నీకు తెలియాలి.

"కాయితం మీద ఏలిముద్ర ఏయించుకునేటప్పుడు మాస్టారు ఏడ్చాడమ్మా. బియ్యానికి ఏలిముద్ర ఏయించుకునేవోడు ఏడుత్తాడా? ఏదో ఉందనుకున్నా. మా బంగారుని హాస్టల్లో ఏశారని తెలిసి, కుంటుకుంటా ఎండుసేపలు పట్టుకుని బందరెళ్లా. బంగార్రాజు గావాలన్నా. ఆ పేరు గలోడు లేడు పొమ్మన్నారు. తిరిగొత్తుంటే లోపల్నించి ఎవడో 'ఒరే యెంకటపతీ' అని కేకేశాడు. తిరిగి సూద్దును గదా, బంగారు పరిగెత్తుకుంటా పోతన్నాడు. అక్కడే గేటు కాడ కూలబడిపోయా. కాసేపున్నాక పొట్లం వాచ్‌మెన్‌కిచ్చి వచ్చేశా."

నలభై ఎనిమిదేళ్లుగా తెలుసు అన్నయ్యా ఆవిడకి. మరి ఎందుకు అడగలేదు అన్నాను.

"అడిగితే ఆడి ఉజ్జోగం పోద్ది గదమ్మా. ఒకణ్ణి ఉప్పెన పట్టుకుపోయింది. రెండోవోణ్ణి నా నోటితో నేనే పోగొట్టుకుంటానా?"

మరి ఏటా ముందు వరసలో ఎందుకు కూర్చుంటావు, ఆ పేరు చదవరని తెలుసు కదా అన్నాను. "బంగారు సదువుతాడేమోనని" అంది. అంతే అంది. తర్వాత నాకు టీ పెట్టిచ్చింది.

తిరుగు బస్సులో మోపిదేవి దాటేదాకా ఏడ్చాను. పక్క సీటావిడ గుడిలో మొక్కు తీరలేదనుకుని ఓదార్చింది.

అందుకే ఈ నిర్ణయం. నేను చదవను. ఆవిడకి కావాల్సింది నా నోటి నుంచి కాదు. నాన్నకిచ్చిన మాట తప్పుతున్నాను, ఆ తప్పు ఆయన దగ్గర నేను చెప్పుకుంటాను. ఐదో పేజీ అసలుదే నోట్‌బుక్కు నుంచి విడదీసి ఇందులో పెట్టాను. నకలు దాచుకోలేదు. కాల్చుకుంటావో, జూన్‌కి దాచుకుంటావో, చదువుతావో నీ ఇష్టం. మిగతా ఎనిమిది పేజీలు ఊరి పెద్ద శోభనాద్రి గారికి పంపించాను, ఆయన చదువుతారు.

పంతొమ్మిదిన నేను రాను. వస్తే ఆ పేజీ దగ్గర నా నోరు ఊరుకోదు. నువ్వేం చేసినా నాకు అన్నయ్యవే. ఆ మాట మాత్రం నన్నెవరూ బెదిరించకుండానే రాస్తున్నాను.

నీ చెల్లెలు,
ఎలీసబెతు


నడిదిబ్బ, దివిసీమ
నవంబరు 20, 2025

చెల్లీ,

ముందు ఆఫీసు సంగతి చెప్పేస్తాను, లేకపోతే నువ్వు దాని గురించే ఆలోచిస్తూ మిగతాది చదవవు. నిన్న పొద్దున బయల్దేరే ముందు పై అధికారికి అంతా రాసి, సంతకం పెట్టి, స్పీడ్‌పోస్టు చేశాను. సభలో చదివాక ధైర్యం చాలకపోతే అని ముందే చేశాను. ఏమవుతుందో తెలియదు. పింఛను పోవచ్చు, ఇంకా ఏమైనా కావచ్చు. గాయత్రికి మొన్న చెప్పాను. మొత్తం వింది. తర్వాత "ఇన్నాళ్లూ నిద్రలో బంగారు, బంగారు అని ఎవర్ని పిలుస్తున్నారో అనుకున్నాను, నగల గురించేమో అనుకున్నాను" అంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నాతోపాటు ఇక్కడికి వచ్చింది.

ఆ ఎండుచేపల పొట్లం నాకు గుర్తుంది చెల్లీ. వాచ్‌మెన్ ఎవరో ముసలమ్మ ఇచ్చిందన్నాడు. అప్పటికి పెద్దమ్మకి నిండా ముప్పై అయిదు కూడా లేవు. నాకు తెలిసింది. తెలియనట్టు నటించి పదిమందికీ పంచి తిన్నాను. నీకు రాయని అబద్ధం అదొక్కటే మిగిలింది.

సభకి మూడు వందలమంది దాకా వచ్చారు. శోభనాద్రి గారు మాస్టారి పేజీలు చదివారు. నాలుగో పేజీ అయ్యాక ఆరోది చదువుతుంటే ఎవరూ గమనించలేదు. జేబులో ఐదోది నా ఛాతీకి తగులుతూనే ఉంది. తర్వాత పోయినవాళ్ల పేర్లు మొదలుపెట్టారు. ఒక్కో పేరుకీ ఆ ఇంటివాళ్లు వచ్చి రాయి దగ్గర పూలు పెడుతున్నారు. పెద్దమ్మ ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో ఉంది. నా వైపు చూడలేదు.

ఇరవై ఏడో పేరు వచ్చింది. "బంగార్రాజు" అని శోభనాద్రి గారు ఎప్పటిలాగే నవ్వి, దాటబోయారు. నేను లేచి నిలబడి "ప్రెజెంట్ సార్" అన్నాను. జనం గొల్లుమన్నారు. ఏటా వేసుకునే జోకే కదా. నేను కూర్చోకుండా ముందుకి నడిచేసరికి నవ్వులు ఆగిపోయాయి.

మైకు తీసుకుని ఐదో పేజీ మొత్తం చదివాను. మాస్టారి చేతిరాత చదవడం ఎంత తేలికో నీకు తెలుసు కదా, అయినా మూడుచోట్ల ఆగిపోయాను. మధ్యలో కుర్రాళ్లు ఫోన్లు పైకెత్తారు. వెనక నుంచి ఎవరో "మరి ఇన్నాళ్ల జీతం సంగతేంటి?" అని అరిచారు. అడగాల్సిన మాటే. "అడిగేవాళ్లు అడుగుతారు, నేను జవాబు చెప్పుకుంటాను" అన్నాను. ఒకాయన లేచి మాస్టారిని తిట్టాడు. ఆయన పక్కనే ఇంకొకాయన ఏడుస్తున్నాడు. ఆయన మాస్టారి దగ్గర మూడో తరగతి చదివాడు. నేను నిన్ను భయపెట్టినట్టే మాస్టారి పేరు కొంత పోయింది, కొంత ఉంది. అబద్ధం చెప్పను.

అది అయ్యాక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. మాస్టారు పిలిచినట్టే పిలవాలనుకున్నాను. ఏడో తరగతి, నాలుగో పేరు. "వెంకటపతి" అన్నాను.

నలభై ఎనిమిదేళ్లుగా ఆ పేరుకి పలికింది నేనే. అలవాటుగా నోరు కదలబోయింది. పళ్లు బిగపట్టి నిలబడ్డాను. ఈసారి ఆ ఆగడాన్ని ఆగనిచ్చాను.

పెద్దమ్మ కర్ర ఊతగా కుర్చీలోంచి లేచింది. గాయత్రి పట్టుకోబోతే వద్దంది. చీర కొంగు సర్దుకుంది, బళ్లోకి పంతులు గారితో మాట్లాడటానికి వచ్చిన తల్లిలా. నా ముఖంలోకి చూసి, అందరికీ వినపడేలా చెప్పింది.

"రాలేదండీ."

నీ అన్నయ్య,
బంగార్రాజు